రెండు ఖాతాల యుద్ధం

1776 జులై 27న మార్టినిక్ దీవికి దగ్గరలో, సెయింట్ పియర్ రేవు జనం చూస్తుండగానే, రెండు ఓడలు ఫిరంగులతో తలపడ్డాయి. ఒకటి బ్రిటిష్ యుద్ధనౌక షార్క్. రెండోది రిప్రైజల్, అప్పటికి మూడు వారాల కిందటే స్వాతంత్ర్యం ప్రకటించుకున్న అమెరికా వలసల ఓడ. దీవి ఫ్రాన్సుది. ఫ్రాన్సుకూ బ్రిటన్‌కూ అప్పటికింకా యుద్ధం లేదు. అయినా ఒడ్డునున్న ఫ్రెంచి ఫిరంగులు షార్క్ మీదికే పేలాయి. రిప్రైజల్ మార్టినిక్‌కు చేర్చింది ఒక మనిషిని. పేరు విలియం బింగమ్, ఊరు ఫిలడెల్ఫియా, వయసు 24, వృత్తి వ్యాపారం. 1780 దాకా ఆయన ఆ దీవిలో అమెరికన్ కాంగ్రెస్‌కు ఏజెంటుగా ఉన్నాడు. ఆ కాలంలో ఆయన రాసిన ఉత్తరాలు, ఆయనకు వచ్చిన ఉత్తరాలు చదివితే, యుద్ధాల గురించి మనం బడిలో నేర్చుకున్నది సగం కథేనని తెలుస్తుంది.

మిగతా సగం సరుకుల కథ. బింగమ్‌కు కాంగ్రెస్ రహస్య ఉత్తరప్రత్యుత్తరాల కమిటీ అప్పగించిన పనుల్లో మొదటిది ఫ్రెంచి గవర్నరును అడిగి బాయినెట్లతో సహా 10,000 తుపాకులు సంపాదించడం. పారిస్‌లో ఉన్న కాంగ్రెస్ ప్రతినిధి సైలస్ డీన్‌తో ఉత్తరాలు నడపాలి. బ్రిటిష్ నౌకాదళం కదలికలు కనిపెట్టి రాయాలి. తుపాకిమందు, గుడ్డ, మందులు ఏ ఓడలో వస్తే ఆ ఓడలోంచి దించుకుని అమెరికా వెళ్ళే మరో ఓడకెక్కించాలి. డబ్బు మాత్రం ఇచ్చి పంపలేదు. అమెరికా నుంచి పొగాకు, బియ్యం, నీలిమందు, పిండి వస్తాయి, అమ్ముకుని అప్పులు తీర్చుకోవాలి, అదీ ఏర్పాటు. ఆ సరుకు తెచ్చే ఓడలను బ్రిటిష్ నౌకలు దారిలోనే పట్టుకుంటుంటే ఏం చేయాలో ఏ ఆదేశంలోనూ లేదు.

ఆ దీవి ఎందుకంత ముఖ్యమైందో తెలియాలంటే తుపాకిమందు లెక్క చూడాలి. 1777 చివరి వరకు అమెరికన్ సేనలకు దొరికిన తుపాకిమందులో దాదాపు 90 శాతం విదేశాల నుంచి తెచ్చుకున్నదో, తెచ్చుకున్న సూరేకారంతో చేసుకున్నదో అని చరిత్రకారులు లెక్కగట్టారు. బ్రిటన్‌కు ఆ బెంగ లేదు. పట్నా చుట్టుపక్కల నేల నుంచి తీసిన సూరేకారం ఈస్టిండియా కంపెనీ ఓడల్లో లండన్ చేరేది. 1774 అక్టోబరులోనే వలసలకు తుపాకిమందు, ఆయుధాలు వెళ్ళకుండా రాజు నిషేధం పెట్టాడు. అలా బిహార్ పల్లెల్లో నోనియా కులస్థులు ఉడికించి తీసిన ఉప్పు ఒక పక్షానికి ధీమా అయింది. అది లేని రెండో పక్షం కరీబియన్ దీవుల వెంట తిరగవలసి వచ్చింది. బింగమ్ మార్టినిక్ చేరడానికి నెల ముందు, 1776 జూన్ 29న, న్యూజెర్సీ తీరంలో నాన్సీ అనే ఓడ బ్రిటిష్ నౌకలకు చిక్కబోయింది. అందులో 386 పీపాల తుపాకిమందు ఉంది. ఫిరంగుల కిందే నావికులు ఆ పీపాల్లో చాలావాటిని పడవల్లో ఒడ్డుకు చేరవేసి, మిగిలినవాటితో సహా ఓడను పేల్చేశారు. ఆ పోరాటంలో రిప్రైజల్ కెప్టెన్ లాంబర్ట్ విక్స్ తన తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. తర్వాత అదే కెప్టెన్ బింగమ్‌ను ఎక్కించుకుని బయల్దేరాడు.

ఇలాంటి సముద్రం మీద ఉత్తరం రాయడం కూడా ఒక విద్యే. ఒకే ఉత్తరానికి రెండు మూడు నకళ్ళు తీసి వేరువేరు ఓడల్లో పంపేవారు. అసలు ఫలానా కెప్టెన్ చేతికిచ్చాం, ఇది దాని నకలు అని పైన రాసేవారు. శత్రువు దగ్గరికొస్తే నీళ్ళలో పడేయడానికి కాగితాల సంచికి బరువు కట్టి ఉంచేవారు. జవాబు నెలల తరబడి రాదు. ఈలోగా ధర మారిపోతుంది, గవర్నరు మారిపోతాడు, ఏజెంటు మాత్రం పాత ఆదేశం మీదే నిర్ణయం తీసుకోవాలి. తన అప్పు పరపతి తరిగిపోతోందనీ, సరుకు పంపితే తప్ప నిలబడలేననీ బింగమ్ మళ్ళీ మళ్ళీ రాశాడు. పారిస్‌లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ పరిస్థితీ అంతే. అన్ని దిక్కుల నుంచీ హుండీలు, అంటే సొమ్ము చెల్లించమనే పత్రాలు, తన మీదికే వస్తున్నాయనీ, చెల్లించడానికి డబ్బు ఎక్కణ్ణించి తేవాలనీ ఆయన కాంగ్రెస్‌కు మొరపెట్టుకున్నాడు. ఖజానా లేని ప్రభుత్వం ఒక పడుచు వర్తకుడి పేరు మీద యుద్ధం చేసింది. ఈ వాక్యంలో అతిశయోక్తి లేదు. సెయింట్ పియర్ వ్యాపారులు సరుకిచ్చింది బింగమ్ ముఖం చూసే.

ఆ లోటు పూడ్చింది ప్రైజులు, అంటే సముద్రంలో పట్టుబడిన శత్రు ఓడలు, వాటిలోని సరుకు. 1776 మార్చిలో కాంగ్రెస్ ప్రైవేటు ఓడలకు అనుమతిపత్రాలు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఆ కాగితం ఉన్నవాడు శత్రువు ఓడను పట్టుకుంటే అది న్యాయమైన పట్టివేత, లేనివాడు పట్టుకుంటే సముద్రపు దోపిడీ. ప్రైవేటు ఓడ పట్టిన ప్రైజు మొత్తం యజమానులకూ నావికులకూ దక్కేది. మార్టినిక్‌లో ఆ అనుమతిపత్రాలు ఇచ్చేదీ, వచ్చిన ప్రైజులు అమ్మించేదీ బింగమే. అమెరికా జెండా కింద, పేరుకు కొందరు అమెరికన్లతో, అత్యధికంగా ఫ్రెంచి నావికులతో ఓడలు బయల్దేరాయి. పారిస్‌లో బ్రిటిష్ రాయబారి ఫిర్యాదు చేసినప్పుడల్లా ఫ్రెంచి మంత్రులు విచారిస్తామన్నారు. దీవిలో పని ఆగలేదు.

ఫిలడెల్ఫియాలో కాంగ్రెస్ తరఫున సరుకుల వ్యవహారం చూసిన రాబర్ట్ మోరిస్, విల్లింగ్ అండ్ మోరిస్ అనే పెద్ద వ్యాపార సంస్థ భాగస్వామి కూడా. బింగమ్ ఆ సంస్థకూ ఏజెంటే. ప్రభుత్వ సరుకు, సంస్థ సరుకు, బింగమ్ సొంత సరుకు ఒకే ఓడలో, ఒకే గోదాములో, చాలాసార్లు ఒకే ఉత్తరంలో కనిపిస్తాయి. 1776 డిసెంబరులో బింగమ్‌కు రాసిన ఉత్తరంలో మోరిస్ మనసు విప్పాడు. ఇంగ్లండులో తనకు చాలామంది వ్యాపార మిత్రులున్నారు కాబట్టి అనుమతిపత్రంతో శత్రు ఓడలు పట్టే ప్రైవేటీరింగు జోలికి పోకూడదనుకున్నాడట. తన ఓడలు వరసగా పోయాక ఆ సంకోచం పోయింది. ఇద్దరం కలిసి ఒక ఓడ దింపుదామని ప్రతిపాదించాడు. కాంగ్రెస్ కమిటీలో కూర్చున్న మనిషి, కాంగ్రెస్ ఏజెంటుతో, కాంగ్రెస్ ఇచ్చిన అనుమతిపత్రం మీద సొంత లాభానికి భాగస్వామ్యం కలుపుకున్నాడన్నమాట.

దీన్ని అవినీతి అని ఒక్క మాటతో తేల్చేయడం సులువు. నేనలా తేల్చలేను. జీతం, పెట్టుబడి, బీమా ఏదీ ఇవ్వకుండా మనిషిని పరాయి దీవికి పంపిన ప్రభుత్వం, నీ వ్యాపారం నువ్వు చేసుకో, దాని ఆసరాతో మా పనీ చూడు అని మాటల్లో చెప్పకుండానే చెప్పింది. అలా ఆసరా అయిన వ్యాపారం లేనివాళ్ళకు ఏం జరిగిందో కూడా చూడాలి. న్యూ ఆర్లియన్స్‌లో ఇదే పని చేసిన ఆలివర్ పొలాక్ సొంత ఆస్తిని పూచీపెట్టి పశ్చిమ సరిహద్దు సేనకు సరుకు పంపాడు. యుద్ధం ముగిశాక ఆ ప్రభుత్వ అప్పుల కోసం హవానాలో నిర్బంధంలో గడిపాడు. ఫ్రెంచి నాటకకర్త బ్యూమార్షేతో కలిసి ఫ్రాన్సు నుంచి ఫిరంగులు, తుపాకులు పంపించిన సైలస్ డీన్‌ను కాంగ్రెస్ వెనక్కి పిలిచి లెక్కలు అడిగింది. కాగితాలు పారిస్‌లో ఉండిపోయాయి. నింద మోస్తూనే 1789లో ఆయన చనిపోయాడు. 1842లో, అంటే 53 ఏళ్ళ తర్వాత, అదే కాంగ్రెస్ ఆయన వారసులకు 37,000 డాలర్లు చెల్లించింది. బింగమ్ మాత్రం 1780లో సంపన్నుడై ఇల్లు చేరాడు, మోరిస్ భాగస్వామి థామస్ విల్లింగ్ కూతుర్ని పెళ్ళాడాడు, తర్వాత సెనేటరయ్యాడు. ముగ్గురూ చేసింది ఒకే రకం పని. ఒకరు ధనవంతుడు, ఒకరు ఖైదీ, ఒకరు దోషి కావడానికి కారణం వాళ్ళ గుణగణాల కంటే ఆ ఏర్పాటులోనే ఎక్కువుంది. ఎవరి రిస్కు ఎవరిదో, ఎవరి లాభం ఎవరిదో ముందుగా రాసుకోని ఏర్పాటు అది.

ఆ అస్పష్టత బింగమ్‌నూ వదల్లేదు. మసాచుసెట్స్‌కు చెందిన క్యాబట్ కుటుంబం ఓడ పిల్‌గ్రిమ్, హోప్ అనే ఓడను పట్టి మార్టినిక్‌కు పంపింది. అది డెన్మార్క్ ఓడనని కాగితాలు చూపింది. డెన్మార్క్ తటస్థ దేశం. అప్పటి గవర్నరు మార్కీ ద బుయే సరుకు అమ్మించి, వివాదం తేలేదాకా ఆ సొమ్ము బింగమ్ దగ్గర ఉంచమన్నాడు. ప్రైజు మాదే, సొమ్ము ఇమ్మని క్యాబట్లు ఆయన మీద దావా వేశారు. నేను కాంగ్రెస్ ప్రతినిధిగా చేశానని ఆయన వాదన, నీ చేతికి డబ్బు వచ్చిందా లేదా అని వాళ్ళ ప్రశ్న. 1795లో ఒకసారి, 1798లో మరోసారి ఆ తగాదా అమెరికా సుప్రీంకోర్టు మెట్లెక్కింది. యుద్ధం ముగిసిన 15 ఏళ్ళకు కూడా, ఆ చెయ్యి ప్రభుత్వానిదా వర్తకుడిదా అన్నది తేలలేదు.

ప్రైజుల జాబితాల్లో చదవలేక ఆగిపోయే చోట్లున్నాయి. 1777లో గ్రెనడా నుంచి వెళ్ళిన ఒక ఉత్తరం, ఒక అమెరికన్ ప్రైవేటీరు పట్టిన ఆఫ్రికా బానిసల ఓడ గురించి చెబుతుంది. 450 మంది నల్లవాళ్ళు, బంగారు రజను, ఏనుగు దంతాలు అన్నీ కలిపి విలువ 20,000 పౌన్లు. ఓడను మార్టినిక్‌కు తీసుకెళ్ళారు. మనుషులందరూ పుట్టుకతో సమానమన్న ప్రకటన వెలువడి ఏడాదైనా కాలేదు. ఆ జెండా కట్టిన ఓడ ఆ 450 మందిని విడిపించలేదు, యజమానిని మార్చింది. ఈ ఉత్తరాలను స్వేచ్ఛా సమరపు వీరగాథకు అనుబంధంగా అచ్చువేసుకునేవాళ్ళు ఈ పుటను కూడా అదే సైజు అక్షరాల్లో వేయాలి.

ఇక్కడ మన తీరానికి రావాలి. లాగి తీసుకొస్తున్న సంబంధం కాదిది. చార్లెస్టన్ వర్తకుడు, కాంగ్రెస్ మాజీ అధ్యక్షుడు హెన్రీ లారెన్స్ డచ్చివాళ్ళ దగ్గర అప్పు తేవడానికి బయల్దేరి, 1780 సెప్టెంబరు 3న న్యూఫౌండ్‌లాండ్ దగ్గర బ్రిటిష్ నౌకకు దొరికిపోయాడు. కాగితాల సంచిని సముద్రంలోకి విసిరాడు. బరువు చాలక అది తేలింది. నావికులు కొక్కెంతో పైకి లాగారు. అందులో ఆమ్‌స్టర్‌డామ్ వ్యాపారి జాన్ ద న్యూఫ్‌విల్‌తో 1778లో రాసుకున్న ఒప్పందపు చిత్తుప్రతి ఉంది. డచ్చి దీవి సెయింట్ యూస్టేషస్ నుంచి అమెరికాకు ధారగా పోతున్న తుపాకిమందు మీద బ్రిటన్‌కు ఎప్పటినుంచో కోపం. ఈ కాగితంతో సాకు దొరికింది. డిసెంబరు 20న డచ్చివాళ్ళ మీద యుద్ధం ప్రకటించింది. 1781 ఫిబ్రవరి 3న అడ్మిరల్ రోడ్నీ సెయింట్ యూస్టేషస్‌ను పట్టుకుని గోదాములు, ఓడలు, వర్తకుల చిట్టాలు, ఉత్తరాలు అన్నీ జప్తు చేశాడు. ఇంకొన్ని ఓడలు వచ్చి చిక్కుతాయని కొన్ని వారాలపాటు డచ్చి జెండాను దించనివ్వలేదు. అదే ఏడాది ఈస్టిండియా కంపెనీ భీమునిపట్నం, కాకినాడ పక్కనున్న జగన్నాథపురం, పాలకొల్లు డచ్చి స్థావరాలను స్వాధీనం చేసుకుంది. అట్లాంటిక్‌లో మునగని ఒక సంచి వల్ల మొదలైన యుద్ధం గోదావరి జిల్లా నేతగాళ్ళ దగ్గర గుడ్డలు కొనే గోదాములకు తాళం వేసింది. అడ్వాన్సు తీసుకుని మగ్గం మీద సగం నేసిన బట్టకు అప్పుడు కొనేదెవరు, పాత బాకీ ఎవరికి కట్టాలి? సైన్యాల చరిత్ర ఈ ప్రశ్నను అడగనైనా అడగదు. కంపెనీల ఉత్తరాల్లో దీనికి జవాబు వెతకాలి.

1804 సెప్టెంబరులో విశాఖపట్నం రేవు ముందు జరిగిన పోరు కూడా ఈ లెక్కలోదే. ఫ్రెంచి అడ్మిరల్ లినోయా మూడు నౌకలతో వచ్చి సెంచూరియన్ అనే బ్రిటిష్ యుద్ధనౌక మీద పడ్డాడు. ఆయన కన్ను దానితో ఉన్న రెండు కంపెనీ వర్తక ఓడల మీదుంది. ఒకటి ఒడ్డు తగిలి పాడైంది. ప్రిన్సెస్ షార్లెట్‌ను ప్రైజుగా తోలుకుపోయాడు. మన దగ్గర ఈ ఘటన అడపాదడపా స్థానిక చరిత్ర విశేషంగా కనిపిస్తుంది. ఆ ఓడలో సరుకు ఎవరిది, నష్టం ఎవరి ఖాతాలో పడింది అని అడిగినవాళ్ళు తక్కువ.

యుద్ధమూ వ్యాపారమూ కలగలిసే ఈ పద్ధతి పాతబడిపోలేదు. 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో వర్తక ఓడల మీద దాడులు మొదలయ్యాక, ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళాయి, బీమా పెరిగింది, ఆ భారం సరుకు ధరల్లోకి ఎక్కింది. యుద్ధమైనా మహమ్మారి అయినా, అత్యవసరం అనగానే ప్రభుత్వాలు టెండర్లు పక్కనపెట్టి తెలిసిన వ్యాపారుల మీద ఆధారపడతాయి. తప్పదు కూడా. అలాంటి వేళ ప్రభుత్వం తరఫున కొనేవాడి సొంత వ్యాపారం ఏమిటో ఆ రోజే కాగితం మీద పెట్టించాలి. పొలాక్‌లను అప్పుల పాలు చేయకుండా కాపాడేదీ, మోరిస్‌లను నిలదీయడానికి ఆధారమయ్యేదీ ఆ కాగితమే. గోప్యత పేరుతో దాన్ని దాచినా, పని అయ్యాక చించేసినా ప్రజలకు మిగిలేది పుకార్లే.

అమెరికా ఈ పాత కాగితాలతో ఒక మంచి పని చేసింది. తమ విప్లవకాలపు నౌకా పత్రాలను 1964 నుంచి సంపుటాలుగా వేస్తోంది. బింగమ్ ఉత్తరం పక్కనే, అదే వారం బ్రిటిష్ అడ్మిరల్ రాసిన ఉత్తరం ఉంటుంది. లండన్‌లోని బ్రిటిష్ నేషనల్ ఆర్కైవ్స్, జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం కలిసి పట్టుబడిన ఓడల్లో దొరికిన కాగితాలను 2018 నుంచి డిజిటల్ రూపంలోకి మారుస్తున్నాయి. చేరవలసిన వాళ్ళకు చేరని దాదాపు 1,60,000 ఉత్తరాలు అందులో ఉన్నాయి. మన తీరం సంగతికొస్తే, మచిలీపట్నం జిల్లా ఇంగ్లిషు రికార్డులు చెన్నై ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. డచ్చి కంపెనీ కాగితాలను హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్ ఇప్పటికే ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. భీమునిపట్నం, పాలకొల్లు, జగన్నాథపురాల ఉత్తరాలను, అవే రోజుల్లో మచిలీపట్నం ఇంగ్లిషువాళ్ళు రాసిన వాటి పక్కన పెట్టి తెలుగులో సంపుటాలుగా వేసే పని ఆంధ్ర విశ్వవిద్యాలయ చరిత్ర శాఖ తలకెత్తుకోవాలి. 18వ శతాబ్దపు డచ్చి చేతిరాత చదవగల నలుగురు విద్యార్థులను ముందుగా తయారు చేసుకోవాలి. 1781 సంవత్సరంతో మొదలుపెట్టవచ్చు.