అభినందనలు దేనికి?

గుంటూరు, ప్రకాశం జిల్లాల వైపు మగవాడికి పదవి వస్తే భార్యని "అదృష్టవంతురాలివమ్మా" అంటారు. ఈమధ్య నా స్నేహితురాలి భర్త శాసనసభ్యుడయ్యాడు. నేనూ అభినందించాలి. అదృష్టానికైతే నావల్ల కాదు.

ఆ గెలుపు వెనక చాకిరీ నాకు తెలుసు. నెలరోజులపాటు తెల్లవారకముందే లేచి కార్యకర్తలకు టిఫిన్లు, అర్ధరాత్రి వచ్చేవాళ్ళకు అన్నాలు. పత్తి తీసే చోటికీ, మిరపకాయల కోతలకీ వెళ్ళి కూలి ఆడవాళ్ళకు బొట్టుపెట్టి ఓటడిగింది ఆమే. పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం ఎన్నికల ఖర్చుకి పోయింది. సంతకం ఆమెది. నిర్ణయం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. (ఇది రాస్తానంటే నవ్వి, "రాయి, పేరు మాత్రం వద్దు" అంది.) శాసనసభకు పోటీచేసేవాళ్ళు 2003 నుంచి తమ అఫిడవిట్‌లో భార్య ఆస్తులూ బంగారమూ కూడా చూపించాలి. అతని అభ్యర్థిత్వపు కాగితాల్లో ఆమె లెక్కకొచ్చింది ఆస్తిగానే, చాకిరీకి అందులో గడి లేదు.

ఇదంతా పదవిలేని ఆడవాళ్ళ సంగతే అనుకోకండి. వినుకొండ నుంచి శాసనసభకు గెలిచి, రాష్ట్ర మంత్రిగా పనిచేసిన భవనం జయప్రద ఉన్నారు. ఆ తర్వాత, 1982 ఫిబ్రవరిలో, ఆమె భర్త భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఏడు నెలలైనా నిండకుండానే దిగిపోయారు. అయినా మాజీ ముఖ్యమంత్రిగా ఆయన పేరు పిల్లలు బట్టీపడతారు. ఆమె ఆయన భార్యగానే గుర్తుంటారు, అదీ గుర్తున్నవాళ్ళకి.

భార్యే గెలిస్తే? 1994 పంచాయతీరాజ్ చట్టం మన రాష్ట్రంలో స్త్రీలకు మూడోవంతు స్థానాలిచ్చింది, 2011లో అది సగమైంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎన్నో ఊళ్ళలో "సర్పంచ్ గారు" అంటే ఆమె మొగుడే. దండలూ ఆయనకే, అభినందనలూ ఆయనకే. అతన్ని మాత్రం ఎవరూ అదృష్టవంతుడనరు, సమర్థుడంటారు.

రేపు పింఛన్ల కోసం, ఇళ్ళస్థలాల కోసం ఆ కూలి ఆడవాళ్ళు నా స్నేహితురాలి గుమ్మంలోకే వస్తారు. బొట్టుపెట్టి మాటిచ్చింది ఆమె కదా. జవాబు చెప్పుకోవాల్సింది ఆమె, అధికారం అతనిది. మనం స్త్రీల రాజకీయ భాగస్వామ్యం అని సభలు పెడుతున్నాం కానీ, ఇలాంటి ఇళ్ళలో జరిగే రాజకీయాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు.

అందుకే ఆమెకు ఇలా రాశాను: "నీ ప్రచారానికి అభినందనలు. పొలం డబ్బు నీ పేర ఎప్పటికి తిరిగొస్తుందో ఆయన్ని అడుగు, మాట కాదు, కాగితం రాయించుకో. శాసనసభలో స్త్రీలకు మూడోవంతు స్థానాలని 2023లో చట్టం చేశారు. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అన్నారు. మీ సీటు స్త్రీలకి పోతే మీవాళ్ళు నిన్నే నిలబెడతారు. అప్పుడు అసెంబ్లీలో ఏం మాట్లాడాలో ఎవరు నిర్ణయిస్తారన్నది ఇప్పుడే, ఇంట్లోనే తేల్చుకో."

జవాబు ఇంకా రాలేదు. ఇంటినిండా జనం కదా, వాళ్ళకి వండుతూ ఉండి ఉంటుంది.