మన పిల్లలను యుద్ధానికి పంపేదెవరు?

టాంపినీస్‌లో స్థిరపడిన మన కుటుంబాల్లో, తల్లిదండ్రుల ద్వారా శాశ్వత నివాస హక్కు పొందిన మగపిల్లలు 18 ఏళ్లు నిండాక రెండేళ్లు జాతీయ సేవ చేయాలన్నది తెలిసిందే. మరి వారిని యుద్ధానికి పంపాలంటే ఎవరి అనుమతి కావాలి?

సింగపూర్ సైన్యంపై అదుపును పరాయివారికి వదులుకోవాలంటే ప్రజాభిప్రాయ సేకరణలో పోలైన ఓట్లలో మూడింట రెండు వంతులు రావాలని 1972లో రాజ్యాంగంలో చేర్చారు. అదే సైన్యాన్ని యుద్ధంలోకి దించడానికి మాత్రం పార్లమెంటు ముందస్తు ఆమోదం తప్పనిసరి కాదు. భారతదేశంలోనూ అంతే.

అమెరికాలో 1973 నాటి చట్టం ప్రకారం అధ్యక్షుడు 48 గంటల్లో కాంగ్రెస్‌కు తెలపాలి. అనుమతి లేకుండా 60 రోజులకు మించి పోరు సాగించరాదు. 2011లో లిబియా విషయంలో ఒబామా ఆ గడువు దాటారు. అయినా చట్టం ఉండబట్టే కాంగ్రెస్ సంజాయిషీ అడగగలిగింది.

శాశ్వత నివాసులకు ఇక్కడ ఓటు లేదు. పౌరసత్వం తీసుకున్న తల్లిదండ్రులైనా తమ పార్లమెంటు సభ్యుణ్ణి ఈ సంగతి అడగడం సమంజసం.