కోట్లిన్‌లో ఆ రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టేముందు ఒక్కసారి ఆగండి

శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరేముందు టికెట్ మెసేజ్ వెతుక్కోవడం మనందరికీ అలవాటే. ఆ మెసేజ్ పేస్ట్ చేస్తే ఫ్లైట్ నంబర్, టైమ్, గేట్ పెద్ద అక్షరాల్లో చూపించే చిన్న ఆండ్రాయిడ్ యాప్ ఒకటి రాసుకున్నాను. నా ఫోన్‌లో సూపర్. అమ్మ ఫోన్‌లో వేసి, ఆవిడ మెసేజ్ పేస్ట్ చేయగానే క్రాష్!

కారణం చాలా చిన్నది. ఫ్లైట్ నంబర్ అంటే రెండు ఇంగ్లీష్ అక్షరాలు, తర్వాత అంకెలు అనుకుని రెగెక్స్ రాశాను. నాది ఎయిర్ ఇండియా టికెట్, కోడ్ 'ఏఐ', కాబట్టి సరిపోయింది. అమ్మది ఇండిగో. దాని కోడ్ '6ఈ', మొదట్లోనే అంకె! హైదరాబాద్‌లో ఉంటూ ఇండిగోని మర్చిపోయాను చూడండి.

రెగెక్స్‌లో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నేను చేసిన అసలు తప్పు వేరే ఉంది. కోట్లిన్‌లో 'ఫైండ్' ఇచ్చే ఫలితం టైప్ 'మ్యాచ్‌రిజల్ట్?'. చివర ఆ ప్రశ్నార్థకం ఎందుకంటే, మ్యాచ్ దొరక్కపోతే వచ్చేది నల్. అప్పుడేం చేయాలో రాయమని కంపైలర్ ఎర్రగీత పెట్టి మరీ అడిగింది. నేను రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టి దాని నోరు మూయించాను. ఆ ప్రశ్న అమ్మ చేతిలో క్రాష్‌గా తేలింది.

అది సరిచేశాక ఇంకో తలనొప్పి. గేట్ నంబర్ అన్ని మెసేజుల్లో ఉండదు కదా, అందుకే ఆ గ్రూప్‌ని ఆప్షనల్‌గా పెట్టాను. 'గ్రూప్‌వ్యాల్యూస్' నుంచి తీస్తే, మ్యాచ్ కాని గ్రూప్‌కి ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. టైప్ ప్రకారం అంతా ఓకే, కంపైలర్ కిక్కురుమనదు. స్క్రీన్ మీద మాత్రం 'గేట్:' అని ఉండి పక్కన ఏమీ లేదు. "ఏరా, గేట్ ఇవ్వలేదా, నీ యాప్ పాడైందా?" అని అమ్మ ఫోన్. అదే 'గ్రూప్స్' నుంచి తీస్తే నల్ వస్తుంది. అప్పుడు 'గేట్ ఇంకా రాలేదు, బోర్డు చూడండి' అని చూపించొచ్చు.

టైప్‌స్క్రిప్ట్ వాళ్లూ నవ్వకండి. స్ట్రిక్ట్ మోడ్‌లో 'మ్యాచ్' నల్ గురించి హెచ్చరిస్తుంది, నిజమే. కానీ ఆప్షనల్ గ్రూప్‌ని మామూలుగా స్ట్రింగ్ అనే చెప్తుంది, నడిచేటప్పుడు అన్‌డిఫైన్డ్ చేతిలో పెడుతుంది.

చిన్న యాప్‌కి ఇంత అవసరమా అంటారా? అవసరమే. 'దొరకలేదు' కూడా ఒక సమాధానమే. దాన్ని మనం కోడ్‌లో చెప్పకపోతే, లగేజీతో క్యూలో నిలబడ్డ మనిషి కనుక్కోవాల్సి వస్తుంది. ఈసారి మీ రెగెక్స్‌కి సరిపోని మెసేజ్ ఒకటి కూడా పెట్టి టెస్ట్ చేయండి.