వాన నీటి ట్యాంకు భారం కాదు

సంపాదకులకు,

కొత్త ఇంటికి వాన నీటి ట్యాంకు తప్పనిసరి అనడం సామాన్యుడికి భారమని గత వారం ఒక పాఠకుడు రాశారు. నేనొప్పుకోను. మన పోర్ట్ బ్లెయిర్‌లో, అదే ఇప్పటి శ్రీవిజయపురంలో, ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అయినా ఎండలు ముదిరితే ధనికారి డ్యాం అడుగంటి, కుళాయి నీళ్లకు వంతులు మొదలవుతాయి. 100 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి పడేది 3 లక్షల లీటర్లండీ! శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అత్తగారు రేకుల చూరు కింద గొట్టానికి పాత పంచె గుడ్డ కట్టి డ్రమ్ములు నింపేవారు. కుళాయి రాని రోజు ఆ నీళ్లతోనే పప్పు ఉడికేది. పునాది తవ్వేటప్పుడే ట్యాంకు కడితే ఖర్చు తక్కువ. పురపాలక మండలి పేదలకు ఇంటి ప్లాను అనుమతి ఫీజు తగ్గించాలి తప్ప నిబంధన సడలించకూడదు. ప్లానులో గీసిన ట్యాంకు నిజంగా కట్టారో లేదో ఇంజనీరు వచ్చి మూత తీసి చూడాలి.

– ఒక పాఠకురాలు, శ్రీవిజయపురం