ఒకే ఒరలో రెండు కత్తులు

1740 అక్టోబరులో ఆస్ట్రియా పాలకుడు ఆరో చార్లెస్ కన్నుమూశాడు. కూతురు మరియా థెరీసాకు అప్పటికి 23 ఏళ్లు. ఆమె వారసత్వాన్ని గుర్తిస్తామని ప్రష్యా రాజు అంతకుముందే మాట ఇచ్చి ఉన్నాడు. ఆ రాజు కొడుకు రెండో ఫ్రెడరిక్ రెండు నెలలైనా నిండకముందే ఆమె ఏలుబడిలోని సైలీషియా మీదికి దండెత్తాడు. జర్మన్ నేలపై పెత్తనం కోసం వియన్నా, బెర్లిన్‌ల మధ్య నూటపాతికేళ్లు సాగిన పోరుకు అదే మొదలు.

ఈ సంచిక ప్రధాన వ్యాసం ఆ కథే. యుద్ధాల గురించి చాలామంది రాశారు కాబట్టి, మేం సుంకాలకు ఎక్కువ చోటిచ్చాం. 1834లో ప్రష్యా ముందుండి నడిపిన సుంకాల కూటమి, జోల్‌ఫెరైన్, అమల్లోకి వచ్చింది. సభ్య రాజ్యాల మధ్య సరుకు సుంకం లేకుండా సాగింది. సొంత పరిశ్రమల కోసం ఎత్తయిన సుంకపు గోడ కట్టుకున్న ఆస్ట్రియా బయటే ఉండిపోయింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లోని జర్మన్ సమాఖ్య సభలో అధ్యక్ష పీఠం ఆస్ట్రియాదే, బజారులో చెల్లిన మాట మాత్రం ప్రష్యాది. నా దృష్టిలో అసలు గెలుపు అక్కడే మొదలైంది. అయినా 1866లో యుద్ధం వచ్చేసరికి అదే సుంకాల కూటమిలో ఉన్న బవేరియా, సాక్సనీ, హానోవర్ ఆస్ట్రియా పక్షానే నిలిచాయి! లాభం ఒకచోట, విశ్వాసం మరోచోట. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఈ చిక్కుముడే.

జులై 3న కోనిగ్‌గ్రాట్జ్ దగ్గర ప్రష్యా గెలుపుతో ఒక్క రోజులో అంతా తేలిపోయింది. వియన్నా దాకా పోదామన్న ప్రష్యా రాజును ఆయన ప్రధాని బిస్మార్క్ ఆపాడు. ఆస్ట్రియా సొంత నేలలో ప్రష్యా జానెడైనా తీసుకోలేదు. హానోవర్ రాజ్యం మాత్రం పటంలోంచే మాయమైంది.

వ్యాసంతో పాటు ఇచ్చిన, జర్మన్ సమాఖ్య ఏర్పడిన 1815 నాటి పటాన్నీ 1866 పటాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. మీకేమనిపించిందో మాకు రాయండి.