వారంటీ ఎంత దూరం వస్తుంది?

తుమ్మలపల్లె యురేనియం గనిలోకి దిగే వాలుదారుల్లో తిరిగే యంత్రం మొరాయిస్తే దాన్ని లారీకెక్కించి కడపకు పంపరు. భూగర్భ గని నడిపే సంస్థ ఏదైనా యంత్రం ధర ఒక్కటే చూసుకుని కొనదు. విడిభాగాలు ఎక్కడ నిల్వ ఉంటాయి, మరమ్మతు చేసే మనిషి ఎంతసేపట్లో వస్తాడు, యంత్రం ఆగిపోయిన రోజుల నష్టం ఎవరి ఖాతాలో పడుతుంది అన్నవి ముందే తేల్చుకుంటుంది. వర్క్‌షాపును గని దగ్గరే పెట్టుకుంటుంది. అదే గనిలో జీతం తీసుకునే మనిషి పదేళ్ల కష్టం పెట్టి ఒక జీపో, పెద్ద మోటారుసైకిలో కొనడానికి పోయినప్పుడు మాత్రం ఈ ప్రశ్నల్లో ఒక్కటీ అడగడు. రంగు, మైలేజీ, నెలకు కంతు ఎంత అన్న దగ్గరే బేరం ముగుస్తుంది. పూలదండ వేసిన బండి ముందు తాళం చేత్తో పట్టుకుని ఫోటో దిగుతాడు. వారంటీ పుస్తకం డ్యాష్‌బోర్డు అరలోకి పోతుంది. బండి చెడిపోయేదాకా దాన్ని తెరిచే పని పడదు.

తెలివిలో తేడా ఉండి ఇలా జరగడం లేదు. సంస్థకు బేరమాడే బలం ఉంది, ఒంటరి కొనుగోలుదారుకు లేదు. సంస్థ యంత్రాన్నీ సేవనూ కలిపి కొంటుంది. మనం యంత్రాన్ని కొని, సేవ కూడా దానితోపాటే వచ్చిందని అనుకుంటాం.

వేముల మండలంలోని తుమ్మలపల్లెకు పులివెందుల పక్కనే. కడప 60, 70 కిలోమీటర్లు. అది దాటితే ఇక బెంగళూరో హైదరాబాదో. మామూలు ద్విచక్ర వాహనానికి, ట్రాక్టరుకు ఈ భూగోళంతో పెద్ద ఇబ్బంది లేదు. ఊరూరా ఉన్న బండ్లు కాబట్టి వాటి విడిభాగాలూ దొరుకుతాయి, చేయి తిరిగిన మెకానిక్కులూ ఉంటారు. చిక్కంతా సరదా కోసం కొనే బండ్లతో వస్తుంది: కొండలెక్కే జీపులు, ఖరీదైన మోటారుసైకిళ్లు, కొత్త కంపెనీల ఎలక్ట్రిక్ స్కూటర్లు, ఈమధ్య మాటల్లో వినపడుతున్న కారవాన్లు. అధీకృత వర్క్‌షాపు నిలదొక్కుకోవాలంటే దాని చుట్టూ తగినన్ని బండ్లు తిరగాలి. శిక్షణ పొందిన టెక్నీషియనుకు జీతం, స్కానరుకు పెట్టుబడి, విడిభాగాల నిల్వకు వడ్డీ వాటి మీదే రావాలి. అందుకే బండి ఎంత అరుదైనదైతే వర్క్‌షాపు అంత దూరాన ఉంటుంది. ఊళ్లో మరెవరి దగ్గరా లేని బండి కొన్నామన్న గర్వంలోనే ఆ బండి కష్టమూ ఉంది.

సీమలో ఇంకో అలవాటుంది. కడపలో దొరికే బండికి కూడా బెంగళూరు పోతారు. అక్కడ నాలుగు డబ్బులు తగ్గిస్తారనీ, కోరిన రంగు వెంటనే ఇస్తారనీ. తాత్కాలిక రిజిస్ట్రేషన్ మీద తెచ్చుకుని ఇక్కడ జీవితకాల పన్ను కట్టుకోవడం చట్టబద్ధమే. కంపెనీ ఇచ్చే అసలు వారంటీ సాధారణంగా దేశంలోని ఏ అధీకృత వర్క్‌షాపులోనైనా చెల్లుతుంది. కానీ డీలరు తన తరఫున కలిపే హామీలు, ఉచితంగా బిగించిన సామగ్రి, అమ్మేటప్పుడు నోటితో చెప్పిన మాటలు బెంగళూరులోనే ఉండిపోతాయి. చెల్లింపు అక్కడ, ఫిర్యాదు ఇక్కడ. ఆదా అయిన సొమ్ములో ఎంత మిగిలిందో రెండోసారి బెంగళూరు పోయొచ్చాక లెక్క వేసుకుంటే తెలుస్తుంది.

వారంటీ పుస్తకాన్ని ఓపిగ్గా చదివితే, సాధారణంగా అందులో భరిస్తామని రాసేది విడిభాగం ధర, దాన్ని మార్చే కూలి. బండిని వర్క్‌షాపు దాకా చేర్చే ఖర్చు, పోయిన పనిదినాలు, అద్దెకు తీసుకున్న మరో బండి, ఒకపూట కోసం వెళ్లి రాత్రి ఉండిపోవాల్సి వస్తే అయ్యే లాడ్జి ఖర్చు — ఇవి మినహాయింపుల్లో ఉంటాయి, లేదా ఎక్కడా కనిపించవు. దారి మధ్యలో సాయం అన్న పథకాలున్నా వాటికి కిలోమీటర్ల పరిమితులు, షరతులు ఉంటాయి. కాబట్టి ఒకే ధర, ఒకే వారంటీ కాగితం ఉన్నా కడప పట్టణంలో కొన్నవాడికీ వేముల మండలంలో కొన్నవాడికీ అందేది ఒకే సరుకు కాదు. పట్టణంలో మరమ్మతు ఒక పూటలో అయిపోతుంది. ఊళ్లో అయితే రెండు రోజులు పోతాయి. సెన్సారు తెప్పించాలి, వారం ఆగి రండి అన్నారంటే నాలుగు రోజులు. ధరలో లేని ఈ తేడాను కొన్నవాడు మోస్తున్నాడు. పైగా బండి వర్క్‌షాపులో పడున్న రోజులు కూడా వారంటీ కాలంలోనే ఖర్చవుతాయి.

వారంటీ నిలవాలంటే చెప్పిన వ్యవధుల్లో, చెప్పినచోట సర్వీసింగ్ చేయించాలి. దూరమని ఒకటి దాటేస్తే తర్వాత వచ్చే పెద్ద మరమ్మతుకు కంపెనీ ఆ కారణమే చూపొచ్చు. దారిలో ఆగిపోయిన బండిని ఊళ్లో మెకానిక్ విప్పితే, బయట చేయి పెట్టించారు గనుక వారంటీ లేదనే మాట రావొచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు వచ్చాక ఇంజన్లలో ఎలక్ట్రానిక్స్, సెన్సార్లు మరింత పెరిగాయి. ముప్పై ఏళ్లుగా చెవితో విని ఇంజన్ జబ్బు చెప్పిన మెకానిక్ ఇప్పుడు స్కానరు లేక చేతులు కట్టుకోవాల్సి వస్తోంది. అతనికి నేర్పు తక్కువై కాదు, ఆ స్కానరూ సమాచారమూ కంపెనీ గోడ దాటి రావడం లేదు గనుక.

ఈ గోడ మీద మన దేశంలో పెద్ద తీర్పే వచ్చింది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని, పరికరాలను స్వతంత్ర మెకానిక్కులకు అందకుండా చేస్తున్నారన్నది అభియోగం. బయట మరమ్మతు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేసే పద్ధతిని కూడా కమిషన్ తప్పుపట్టింది. తర్వాత ఆ కేసు అప్పీళ్ల దారి పట్టింది. అమెరికాలో 1975 నాటి వారంటీ చట్టం ఈ విషయంలో సూటిగా ఉంది: ఫలానా కంపెనీ విడిభాగమే, ఫలానా చోట సర్వీసే అన్న షరతుకు వారంటీని ముడిపెట్టడానికి సాధారణంగా వీల్లేదు, అవి ఉచితంగా ఇస్తే తప్ప. మన దగ్గర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. వాహనాలు, వ్యవసాయ పరికరాలు రెండూ దాని పరిధిలో ఉన్నాయి. పోర్టల్ మంచిదే. స్కానరు లేని మెకానిక్కుకు మాత్రం అది స్కానరు తెచ్చివ్వదు.

ఎలక్ట్రిక్ స్కూటర్ల అనుభవం ఇంకా తాజాది. డీలరు లేకుండా కంపెనీయే నేరుగా అమ్మే పద్ధతి ఈ రంగంలో బలంగా వచ్చింది. ఫోన్లోనే బండి బుక్ చేసుకోవచ్చు. బుక్ చేసినంత సులువుగా మరమ్మతు కాదని తర్వాత తెలిసింది. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఓలా ఎలక్ట్రిక్‌కు నోటీసు ఇచ్చింది. అంతకు ముందరి ఏడాదిలో జాతీయ హెల్ప్‌లైనుకు ఆ కంపెనీ మీద పది వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి, వాటిలో సర్వీసు ఆలస్యాలవి పెద్ద వాటా. మొత్తం ఫిర్యాదుల్లో 99 శాతానికి పైగా పరిష్కరించామని కంపెనీ చెప్పుకుంది. ఆ వాదన సంగతి అటుంచి, కేంద్ర ప్రభుత్వం వైపు చూద్దాం. ఎలక్ట్రిక్ వాహనాల కోసం 2019 నుంచి 2024 దాకా నడిచిన ఫేమ్-2 పథకం కింద సబ్సిడీ కావాలంటే బ్యాటరీతో సహా కనీసం మూడేళ్ల వారంటీ, అమ్మిన తర్వాత తగినంత సేవా సదుపాయం ఉండాలని షరతు పెట్టారు. వారంటీకి ఏళ్లు లెక్కపెట్టారు. ‘తగినంత’ అంటే ఎన్ని కిలోమీటర్లో చెప్పలేదు. మే నెల ఎండల్లో నలభై డిగ్రీలు దాటే కడప జిల్లాలో లిథియం బ్యాటరీ వేడికి త్వరగా సత్తువ కోల్పోతుంది. దగ్గర్లో వర్క్‌షాపు అవసరం ఎక్కువున్న చోటే అది తక్కువగా ఉందన్నమాట.

ఇక కారవాన్. తెలుగువాళ్లకు ఇన్నాళ్లూ కారవాన్ అంటే షూటింగులో హీరో విశ్రాంతి తీసుకునే బండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో కారవాన్ పర్యాటకానికి విధానం ప్రకటించాక ఆ మాట గండికోట దాకా వచ్చింది. జమ్మలమడుగు దగ్గర పెన్నా చీల్చిన లోయ పక్కన బండి ఆపుకుని రాత్రి గడపాలన్న కోరిక సహజమే. అద్దెకు తిప్పుకుందామని ఒకటి కొనే ఆలోచన స్థానికులకు రావడమూ సహజమే. అప్పు చేసే ముందు చూసుకోవాల్సింది ఏమిటంటే, కారవాన్‌కు వారంటీ ఒకటి కాదు. ఛాసిస్, ఇంజన్ ఒక వాహన కంపెనీవి. పైన ఇల్లు కట్టేది వేరే బాడీ బిల్డరు. ఫ్రిజ్, ఏసీ, ఇన్వర్టరు, బ్యాటరీలు, నీటి మోటారు ఎవరి కంపెనీ వాళ్లవి. గతుకుల రోడ్డు మీద కుదుపులకు నీటి గొట్టం వదులై ఆ నీళ్లు వైరింగులోకి చేరాయనుకుందాం. అది ఎవరి లోపం? ఛాసిస్ వాళ్లు బాడీ బిల్డరును చూపిస్తారు, బాడీ బిల్డరు వైరింగ్ సామాను చేసినవాళ్లను చూపిస్తాడు. కారవాన్ నిర్మాణానికి మన దగ్గర ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. బండి ఎలా కట్టాలో అది చెబుతుంది గానీ, కట్టినవాడి వర్క్‌షాపు వందల కిలోమీటర్ల దూరాన ఉంటే ఏం చేయాలన్నది దాని పని కాదు. కారవాన్ సంస్కృతి ఎప్పటినుంచో ఉన్న ఆస్ట్రేలియాలోనే 2022లో అక్కడి వినియోగదారుల సంస్థ కొత్త కారవాన్ల లోపాలు, వాటి మరమ్మతుకు పట్టే కాలం మీద ఒక నివేదిక రాయాల్సి వచ్చింది.

మన చట్టం ఒక దూరాన్ని మాత్రం నిజంగా తగ్గించింది. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు. పాత చట్టం కింద బెంగళూరులో కొన్న బండికి సాధారణంగా బెంగళూరు పోవాల్సి వచ్చేది. ఇప్పుడు కడప జిల్లా కమిషన్ చాలు, ఆన్‌లైనులో దాఖలు చేయవచ్చు, వీడియోలో విచారణ కోరవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే రుసుము లేదు. 50 లక్షల దాకా జిల్లా కమిషనే వింటుంది. సొంత జీవనోపాధికి తానే నడుపుకునే బండి కొన్నవారికీ ఈ రక్షణ ఉంది. అదే నాలుగు కారవాన్లు కొని మనుషుల్ని పెట్టి వ్యాపారం చేస్తే వినియోగదారుగా నిలబడటం కష్టం. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు.

కోర్టు దగ్గరికి వచ్చింది, వర్క్‌షాపు రాలేదు. లోపం తయారీదేనని రుజువు చేయడానికి నిపుణుడి నివేదిక కావాల్సి వస్తుంది, దానికి బండిని మళ్లీ ఊరు దాటించాలి. అందుకే ప్రతి సందర్శనకూ జాబ్ కార్డు రాయించుకోవడం, మనం చెప్పిన సమస్యను మన మాటల్లోనే అందులో ఎక్కించడం అన్నిటికంటే ముఖ్యం. ‘జనరల్ చెకప్’ అని రాసి పంపించేస్తే ఆ రోజు మనం అక్కడికి పోనట్టే లెక్క. డీలరు చేసిన తప్పుకు కంపెనీ దానంతటదే బాధ్యురాలు కాదని 2021లో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల ఎవరు ఏ మాట ఇచ్చారన్నది కాగితం మీద విడివిడిగా ఉండాలి. 2021లో ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించినప్పుడు సేవలు కొనసాగిస్తామంది. అయినా ఉన్న ఒక్క డీలరు మూతపడితే చిన్న పట్టణంలో ఆ మాటను ఎక్కడ చెల్లించుకోవాలో తెలియదు.

ప్రతి మండలానికీ వర్క్‌షాపు పెట్టలేమని కంపెనీలు అంటాయి. ఆ మాట నిజమే, అది ఎవరూ అడగడం లేదు. అడగాల్సింది వేరు. అమ్మకం పత్రం మీద కొనేవాడి చిరునామాకు దగ్గరి అధీకృత వర్క్‌షాపు పేరు, దూరం, బండిని అక్కడికి చేర్చే ఖర్చు ఎవరిదన్న సంగతి రాయాలి. సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక వేయించగలిగిన ప్రభుత్వానికి ఇది అసాధ్యం కాదు. వారంటీలో ఉన్న బండి వర్క్‌షాపులో ఎన్ని రోజులు ఆగితే వారంటీ అన్ని రోజులు పొడిగించాలి. అరవై కిలోమీటర్లు దాటిన కొనుగోలుదారు దగ్గరికి నెలకోసారైనా సంచార సర్వీసు వ్యాను పంపడం కంపెనీకి నష్టమేమీ కాదు. ఒకే రోజున పది బండ్లు చూసుకోవచ్చు. కొనేవాళ్లు కూడా అడ్వాన్సు కట్టకముందే ఈ మూడూ అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. రాసివ్వనంటే ఆ నిరాకరణే వాళ్ల జవాబు.

రాష్ట్ర ప్రభుత్వం ఇప్పుడే చేయగలిగింది కారవాన్ల విషయంలో ఉంది. రాయితీ ఇచ్చేది తానే కాబట్టి షరతు పెట్టే అధికారమూ తనదే. ఛాసిస్ కంపెనీ, బాడీ బిల్డరు కలిసి ఒకే వారంటీ, ఒకే ఫోన్ నంబరు ఇస్తేనే రాయితీ అనవచ్చు. రేపు గండికోట దగ్గర కారవాన్ పార్కు కడితే నీటి కుళాయి, విద్యుత్ ప్లగ్గు, మురుగు తీసే గొయ్యితోపాటు ఒక మరమ్మతు షెడ్డు కూడా మొదటి నమూనాలోనే గీయించాలి. జమ్మలమడుగు, పులివెందుల మెకానిక్కులకు ఆ షెడ్డులో శిక్షణ ఇప్పించి, స్కానరు అప్పగించి, వాళ్లు చేసిన మరమ్మతును వారంటీ కింద ఒప్పుకునేలా కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించాలి.