తప్పొకరిది, జరిమానా మరొకరికా?

హైదరాబాదు కూడళ్ళలోని కెమెరా సాధారణంగా గుర్తించేది బండి నంబరునే గాని నడిపేవానిని కాదు. అందుచేత ఎర్రదీపం దాటినవాడు మిత్రుడైనను చలానా యజమాని పేరనే వస్తుంది. "తప్పు వాడిది, డబ్బు నాదా?" అని విద్యార్థి మిత్రులు వాపోవడం మనం తరచు వినేదే.

ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. ఒకరి నేరానికి వేరొకరిని దండించుట ధర్మం కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఈ సంగతిని విస్మరించలేదు. అధికారి కోరినప్పుడు బండి నడిపినవాని పేరు, చిరునామా, లైసెన్సు వివరాలు తెలుపవలసిన విధిని 133వ సెక్షను యజమానిపై ఉంచింది. అనగా నిజం చెప్పుకొనే దారి ఉన్నది. కాని స్నేహితుని పేరు చెప్పుట ద్రోహమని తలచి, మౌనంగా జరిమానా కట్టి, ఆపై చట్టాన్ని తిట్టుకొనుట మనకు అలవాటైంది. ఈ మొహమాటాన్ని ఔదార్యమని నేను ఒప్పుకోలేను. ఉర్దూలో అమానత్ అనే చక్కని మాట ఉన్నది. నమ్మి అప్పగించిన సొత్తు అని దాని అర్థం. ఎరువు తెచ్చుకొన్న బండి అట్టిదే. చలానా వచ్చినదని తెలిసిన వెంటనే, అడిగించుకోకుండా, నడిపినవాడే ముందుకు రావలెను.

యజమాని తెలిసి చేసిన పని మాట వేరు. లైసెన్సు లేనివానికి తాళంచెవి ఇచ్చుట స్వయంగా ఒక నేరం. 2019 సవరణ దీనికి 5,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకు ఖైదు గాని, రెండును గాని నిర్ణయించింది. మైనరు నేరం చేసినచో సంరక్షకుడో యజమానియో దోషిగా పరిగణింపబడతాడు. అప్పుడు మూడేళ్ళ వరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా, పన్నెండు నెలలపాటు రిజిస్ట్రేషను రద్దు. తనకు తెలియకుండా జరిగినదని గాని, తగిన జాగ్రత్త వహించితినని గాని నిరూపించుకొనే భారం అతనిదే. తమ్ముడు ముచ్చటపడ్డాడని బండి ఇచ్చే అన్నలకు ఇది కఠినంగా తోచవచ్చు. నాకు మాత్రం సబబుగానే తోస్తున్నది, ఎందుకనగా ఇక్కడ శిక్ష తమ్ముని తప్పుకు కాదు, అన్న అలక్ష్యానికి.

అమ్మివేసిన బండి మరొక చిక్కు. కాగితాల మార్పిడి తరువాత చూతమనుకొనేవారు మనలో తక్కువేమీ కాదు. రిజిస్టరులో పేరున్నవాడే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసులో కారు పలు చేతులు మారినను, ప్రమాద పరిహార భారం పేరు మిగిలినవానిపైనే పడింది.

కళాశాల పాలకవర్గానికి ఒక మనవి. ఏటేటా ప్రవేశాల సమయంలో, బండి నిలుపుకొనే అనుమతికి లైసెన్సు చూపవలెనను నియమం పెట్టినచో, ఇంటరు పిల్లల బళ్ళు పెక్కు ఇంటివద్దనే ఆగిపోగలవు.